మోటారు సైకిళ్ల తిరునాళ్లు

వంటయింటిలో నుండు గృహిణికి మోటారు సైకిళ్ల ర్యాలీలతో నేమి పని యని మీరు నవ్వవచ్చును. మొన్నటి వేసవి వరకు నేనును అట్లే నవ్వియుందును. మా తండ్రిగారు నన్ను బడికి పంపలేదు. ఇంటనే కూర్చుండబెట్టి అమరము, రఘువంశము, భారతము చదివించిరి. తరువాత ఉపాధ్యాయుని యింటికి కోడలనై వచ్చితిని. పొయ్యియు, పుస్తకముల బీరువాయును తప్ప మూడవ లోకము నాకు తెలియదు. అట్టి నేను అమెరికా దేశపు మోటారు సైకిళ్లను గూర్చియు, అచ్చటి పోలీసువారి కట్టుబాట్లను గూర్చియు వ్రాయుటకు మా తమ్ముడే కారణము.

వాడు ఆరేండ్లుగా ఉత్తర కరోలినా రాష్ట్రమున షార్లెట్ నగరములో ఉద్యోగము చేయుచున్నాడు. ఇరువదియెనిమిదేండ్లవాడు. నిరుడొక మోటారు సైకిలు కొనినాడు. ఈ యేడు మే నెలలో ముగ్గురు స్నేహితులతో కలిసి దక్షిణ కరోలినాలోని మర్టిల్ బీచ్ అను సముద్రతీర పట్టణమునకు ర్యాలీ చూడబోయి, అచ్చట తీయించుకొన్న ఫొటోను మా ఫోనుకు పంపెను. వెనుక వరుసలు వరుసలుగా బండ్లు, ముందు తన బండిపై కూర్చుండి నవ్వుచున్న మావాడు. అమ్మ కండ్లజోడు పెట్టుకొని ఆ ఫొటోను చాలసేపు చూచినది. తుదకు, "వీడి తలమీద హెల్మెట్టేదే అమ్మాయీ?" అని యడిగినది.

మా వీధి చివరి యింటి కుర్రవాడు రెండేండ్ల క్రిందట రహదారిపై బండి జారి పడినాడు. ఒంటిపై పెద్ద గాయమే లేదు. తలకు మాత్రము దెబ్బ తగిలినది. మూడవ నాటికి లేడు. నాటినుండి అమ్మకు బండి చప్పుడు విన్నచో గుండె దడ. "నువ్వు వాడికి అక్కవు. నా మాట వినడు గాని నీ మాట వింటాడు. ఆ తిరునాళ్లకు ఇంకెప్పుడూ వెళ్లవద్దని చెప్పు" అని నా చేతులు పట్టుకొనెను.

చెప్పవచ్చును. కాని తెలియని వస్తువును నిషేధించుట నాకిష్టము లేదు. మావారిని అడిగితిని. వారు పాత వార్తలను, కోర్టు తీర్పులను గూర్చిన వ్యాసములను సేకరించి యిచ్చిరి. నాలుగు సాయంకాలములు వానితో గడపితిని.

ర్యాలీ యనగా మన తిరునాళ్ల వంటిదే. దేవుడు లేడు, బండియే దేవుడు, బండియే రథము. నలుమూలలనుండి వేలకొలది బండ్లు ఒక యూరు చేరును. పగలు కొండదారులను, సముద్రతీరమును తిరుగుదురు. రాత్రి పాటలు, విందులు, మద్యము. దక్షిణ డకోటా రాష్ట్రమున స్టర్జిస్ అను ఊరిలో 1938లో తొమ్మండుగురు పందెగాండ్రతో ఇట్టి యుత్సవ మారంభమైనది. ఆ యూరి జనాభా 7,000 మాత్రమే. 2015లో జరిగిన 75వ ర్యాలీకి సుమారు 7,39,000 మంది వచ్చిరని అధికారుల అంచనా. ఇంతమంది చేరినచోట కావలి యుండక తప్పదు. అది యెంత యుండవలెను? హెచ్చైనచో వచ్చువారికి రుచి చెడును. తగ్గినచో ఊరివారికి నిద్ర చెడును. చిక్కంతయు నిచ్చటనే యున్నది.

1947 జూలైలో కాలిఫోర్నియాలోని హాలిస్టర్ అను చిన్న ఊరికి సుమారు 4,000 మంది మోటారు సైకిళ్లపై వచ్చిరి. ఊరి జనాభా ఇంచుమించు అంతే. పోలీసులు ఏడుగురు! వీధులలో త్రాగుడు, పందెములు, సీసాలు పగులగొట్టుటలు జరిగెను. బయటినుండి పోలీసులు వచ్చి సర్దుబాటు చేసిరి. జరిగిన దానికంటె ప్రచారమే హెచ్చైనదని పలువురనిరి. అయినను లైఫ్ పత్రికలో పడిన ఒక ఫొటోయు, 1953లో వచ్చిన "ది వైల్డ్ వన్" అను సినిమాయు కలిసి, మోటారు సైకిలువాడనగా రౌడీయే యను నమ్మకమును నాటినవి.

1965 జూన్ 19న న్యూహాంప్‌షైర్ రాష్ట్రపు లకోనియాలో నిజముగనే అల్లరి చెలరేగెను. నేషనల్ గార్డు అను సైనిక దళమును పిలిపింపవలసి వచ్చెను. తరువాత ఆ యుత్సవము చిక్కి, చాలకాలము మూడు దినముల వేడుకగా మిగిలినది. 1990 తరువాత మోటారు సైకిలు సంఘములవారును, స్థానికులును, అధికారులును కూడి మాటలాడుకొని దానిని మరల వారము దినములకు పెంచిరి. 2023లో అది శతవార్షికోత్సవము జరుపుకొనెను. దీనినిబట్టి కావలి లేకపోవుటయే ఉత్సవమునకు మేలనుటకు వీలులేదు. ఆ యుత్సవమును చంపబోయినది కట్టుబాటు కాదు, అల్లరి.

ఇది చదువుచుండగా నాకు మా పుట్టినింటి యూరి శివరాత్రి తిరునాళ్లు జ్ఞప్తికి వచ్చినవి. నా చిన్నతనమున ఆడువారు పగలే దర్శనము చేసికొని ప్రొద్దు గ్రుంకక మునుపే యిల్లు చేరవలెను. రాత్రి ప్రభలు చూచుట మగవారి వంతు. త్రాగినవారి తోపులాటలో ఆడువారు నిలువలేరు. నా పదునాల్గవ యేట కొత్తగా వచ్చిన పోలీసు అధికారి మద్యపు దుకాణము మూయించి, వెదుళ్లతో దడి కట్టించి, ఆడువారికి వేరు దారి యేర్పరచెను. "ఈ యేడు తిరునాళ్లు చచ్చిపోయింది" అని యువకులు గొణుగుకొనిరి. మా అమ్మ మాత్రము తన జీవితమున మొదటిసారిగా ఆ యేడే రాత్రిపూట ప్రభలు చూచినది. అప్పటికామెకు నలువదేండ్లు. జనము తగ్గలేదు, వచ్చినవారు మారిరి. ఒకరికి రుచి చెడిన దినముననే మరియొకరికి రుచి తెలిసినది.

ఇక మావాడు వెళ్లిన మర్టిల్ బీచ్ సంగతి. అది అట్లాంటిక్ మహాసముద్రపు టొడ్డున, యాత్రికులపై నాధారపడి బ్రతుకు పట్టణము. 1940 నుండియు మే నెలలో అచ్చట ర్యాలీ జరుగుచున్నది. ఏటేట జనము పెరిగి, రాత్రింబగళ్లు బండ్ల మ్రోత భరింపలేక ఊరివారు మొరపెట్టుకొనిరి. 2008లో పురపాలక సంఘము, ర్యాలీలకు ఇక మా ఊరు ఆతిథ్య మీయదని తేల్చి, ఒక్కసారిగా పెక్కు శాసనములు చేసినది. బండి మ్రోత మితి మీరరాదు. బండ్లను ఇష్టము వచ్చినచోట గుంపుగా నిలుపరాదు. పట్టణపు సరిహద్దులలో ఎంతటి పెద్దవాడైనను హెల్మెట్టు ధరింపవలెను. ఈ కడపటి శాసనమే వారిని మిక్కిలి నొప్పించినది. ఏలయన ఆ రాష్ట్రపు చట్టము 21 ఏండ్లు నిండనివారినే హెల్మెట్టు ధరింపుమనును.

ఫలితము? 2009 మే నెలలో పట్టణములోని సందడి చాల తగ్గెను. ఆ యేడు దేశమంతట ఆర్థికమాంద్యము కూడ నుండెను గాన తగ్గుదల కంతకు శాసనములే కారణమనరాదు. కాని బండ్లవారు ఇంటిదారి పట్టలేదు. దక్షిణమున పండ్రెండు పదమూడు మైళ్ల దూరమున, ఆ పురపాలక సంఘపు టధికారము చెల్లని మరెల్స్ ఇన్‌లెట్ వంటి చోట్లకు తరలిరి. పట్టణములో గదులు అద్దెకిచ్చువారు నష్టపోయిరి. వీధులలో కాపురముండు ముసలివారు హాయిగా నిద్రించిరి. వారి నష్టమును, వీరి నిద్రను ఒక త్రాసులో తూచుట యెవరికి సాధ్యము? 2010 జూన్‌లో ఆ రాష్ట్రపు సుప్రీము కోర్టు, రాష్ట్రమంతట ఒకే నియమముండవలసిన విషయమున ఒక్క పట్టణము వేరు నియమము పెట్టరాదని చెప్పి, హెల్మెట్టు శాసనమును కొట్టివేసెను.

ఇంత తెలిసికొని, ఆయుధపాణినై తమ్మునికి ఫోను చేసితిని.

"అక్కయ్యా, షార్లెట్లో బయలుదేరినప్పుడు పెట్టుకొనే ఉన్నాను. మా రాష్ట్రంలో అందరికీ తప్పనిసరి. సరిహద్దు దాటగానే ముందువాళ్లంతా ఆపి తీసేశారు. నేనూ తీసేశాను. అక్కడ చట్టం అడగదు."

"చట్టం అడగకపోతే తల అడగదట్రా?"

వాడు కొంచెము సేపు పలుకలేదు. తరువాత పోలీసుల మాట యెత్తితిని. అడుగడుగున వారుండగా వినోదమేమి మిగిలినదని యడిగితిని. వాడు చెప్పిన మాట నాకు వింతగా తోచినది. "నాబోటి కొత్తవాడికి వాళ్లుండటమే ధైర్యం అక్కయ్యా. పెళ్లాం పిల్లలతో వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. కాని నా పక్కన బండి నిలిపిన పెద్దాయన ముప్పై ఏళ్లుగా వస్తున్నాడట. 'ఇప్పుడిదేం ర్యాలీ, బడిపిల్లల విహారయాత్ర' అన్నాడు." మా యూరి తిరునాళ్లే మరల వినబడినట్లైనది.

అంతటితో విడిచినచో బాగుండెడిది. నేను మరల హెల్మెట్టు మాట యెత్తి మందలింపబోగా వాడు, "సరే అక్కయ్యా, నాకు చట్టం లేదు కాబట్టి తీశాను. నీకు చట్టం ఉందిగా? బావగారి వెనక కూర్చుని సంతకి వెళ్లేటప్పుడు నువ్వెప్పుడైనా పెట్టుకున్నావా?" అని యడిగెను.

నా నోట మాట రాలేదు. 1988 నాటి మన మోటారు వాహనముల చట్టములోని 129వ సెక్షను బండి నడుపువారికే గాక వెనుక కూర్చుండువారికిని హెల్మెట్టు విధించినది. 2019లో సవరించిన పిదప, నాలుగేండ్లు దాటిన ప్రతివారును ధరింపవలెనని యున్నది. మా యూరి నాలుగు దారుల కూడలిలో పోలీసులు నిలిచియుందురు. మావారి తలను చూతురు; కాగితములడుగుదురు. వెనుక కొప్పులో పూలు తురుముకొని కూర్చున్న నా వంక ఏనాడును చూడలేదు. "ఆడవాళ్లను ఆపరులే" యని నేను గర్వముగా కూడ అనుకొనియుంటిని. అది మర్యాద యని నా తలంపు.

ఆ రాత్రి మిగిలిన కాగితములు చదివితిని. మర్టిల్ బీచ్ ప్రాంతమునకు మే నెలలో రెండు ర్యాలీలు వచ్చును. ఇంతవరకు చెప్పినది మొదటిది. దానికి వచ్చువారిలో తెల్లవారే హెచ్చు. రెండవది 1980లో, ఆ ప్రక్కనే నల్లజాతివారి చిన్న ఊరైన అట్లాంటిక్ బీచ్‌లో పుట్టినది. నెల చివర జరుగు దానికి వచ్చువారిలో నల్లజాతివారే హెచ్చు. ఆ కాలమున మొదటి ర్యాలీలో సముద్రపు టొడ్డునగల పెద్ద వీధిపై బండ్లు రెండు వైపులకును పోవుచుండెడివి. రెండవ ర్యాలీలో అదే వీధిపై ఒకే వైపునకు పోవలసియుండెను. ఆ దినములలో కొన్ని భోజనశాలలు తలుపులు మూసికొనుట కూడ జరిగెను. 2003లో ఎన్.ఏ.ఏ.సి.పి. అను నల్లజాతివారి హక్కుల సంఘము దావా వేసినది. 2006లో పట్టణముతో రాజీ కుదిరినది.

2014లో ఆ రెండవ ర్యాలీ దినములలో సముద్రపు వీధిలో తుపాకి కాల్పులు జరిగి ముగ్గురు మరణించిరి. మరుసటి యేడు పోలీసు బలగమును మిక్కిలి పెంచి, రాత్రివేళ బండ్లన్నియు 23 మైళ్ల చుట్టుదారిన పోవలెనని యేర్పరచిరి. నడుమ బయటపడు దారులు కొద్ది. సముద్రపుగాలికి వచ్చినవారు రాత్రి యంతయు బండ్ల వరుసలో చిక్కుకొనిరి. 2018లో మరల దావా. 2020 డిసెంబరులో జ్యూరీవారు, ఆ యేర్పాటునకు గల ప్రేరణలలో జాతి యొకటి యనియు, అయినను ఆ ప్రేరణ లేకున్నను పట్టణము అదే యేర్పాటు చేసియుండెడిదనియు తీర్పు చెప్పిరి.

ఈ తీర్పును మూడుసార్లు చదివించుకొని తెలిసికొంటిని. రెండు మాటలును నిజమే కావచ్చును. ముగ్గురు నేలకొరిగిన వీధిలో కావలి వలదని యే తల్లియు ననదు. కాని ప్రక్కవానికి రెండు వైపులు తెరచిన వీధి తనకొక వైపే తెరచిరని యెరిగినవాడు ఆ కావలిని రక్షణ యని నమ్మునా? ఆ దినములలో వాని వినోదమును చెడగొట్టినది పోలీసుల సంఖ్య మాత్రమే కాదు. ఈ నియమము మన యందరి కొరకు గాదు, నా కొరకే యను నొప్పి కూడ.

కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున దండనమును గూర్చి మూడు తెరగులు చెప్పినాడు. కఠినముగా దండించు రాజును చూచి ప్రజలు భయపడుదురు. మెత్తగా దండించువానిని లెక్కచేయరు. తగినట్లు దండించువానిని పూజింతురు. చిన్ననాడు మా తండ్రిగారు దీనిని చెప్పినపుడు కఠినమునకు, మెత్తనకు నడిమి కొలతయే తగినదని తెలిసికొంటిని. ఇప్పుడు చూడగా అందులో మరియొక సంగతి గోచరించుచున్నది. ఎంత దండింపవలెననుటయే గాదు, ఎవరిని చూచి యెవరిని చూడక విడుచుచున్నారనుటయు తగుమాటలోనే చేరును.

పక్షపాతము రెండు విధములు. ఒకని మెడకు త్రాడు బిగించుట యొకటి; మరియొకరిని చూచియు చూడనట్లు విడుచుట రెండవది. మొదటిది అవమానమని వెంటనే తెలియును. రెండవది దయవలె నుండును. కూడలిలో నా తలను చూడక విడిచినవాడు నాకు మేలు చేసెనని యింతకాలము మురిసితిని. మావారి తల పగిలినచో నష్టమని యెంచినవాడు నా తలను లెక్కలోనికే తీసికొనలేదు. నిజము చెప్పవలెనన్న నేనును తీసికొనలేదు.

మరునాడు తమ్మునికి ఉత్తరము వ్రాసితిని. ఫోనులో చెప్పిన మాట గాలిలో పోవునని కాగితముపైననే వ్రాసి, దానిని ఫొటో తీసి పంపితిని. ర్యాలీకి వెళ్లవద్దని వ్రాయలేదు. ఏడాదిలో వారము దినములు స్నేహితులతో సముద్రపు టొడ్డున తిరుగుట పాపము గాదు. "నీవు వెళ్లుము. కాని సరిహద్దు రాయి నీ తలకు సరిహద్దు కారాదు. పోలీసు ఉన్నాడా లేడా యని చూచి పెట్టుకొను హెల్మెట్టు పోలీసు కొరకే గాని నీ కొరకు గాదు. ప్రక్కవీధిలో నల్లవారిని ఒక త్రోవను, నిన్ను మరియొక త్రోవను పంపినచో అది కూడ చూచి రమ్ము, నీ దారి సుఖముగా నున్నదని సంతోషింపకుము" అని వ్రాసితిని. అమ్మకు చదివి వినిపింపగా, "వెళ్లమని రాశావటే!" అని మొదట కోపించినది. కొంతసేపటికి, "పోనీలే, తల కప్పుకుంటాడుగా" అన్నది. శివరాత్రి ప్రభలు చూచివచ్చిన రాత్రి ఆమె ముఖము నాకు జ్ఞప్తికి వచ్చినది. తిరునాళ్ల సరదా ఆమెకు తెలియనిది గాదు.

ఆ వారమే మావారితో బజారుకు పోయి నాకొక హెల్మెట్టు కొనుక్కొంటిని. కొప్పు దానిలో పట్టదు. జడ వేసికొని పూలు కొంచెము క్రిందుగా ముడువవలసి వచ్చినది. మొదటి దినము కూడలిలో వీధివారందరు నన్నే చూచుచున్నట్లు సిగ్గుపడితిని. సంతలో కూరలమ్ము ముసలమ్మ, "యుద్ధానికి పోతున్నావా తల్లీ?" అని పరిహసించెను. నేనును నవ్వితిని. నాలుగవ దినమున మా ప్రక్కింటి చిన్నకోడలు వచ్చి, అది యెంత వెలయని యడిగిపోయినది.

వచ్చు మే నెలలో మావాడు మరల ఫొటో పంపును. అమ్మ కండ్లజోడు పెట్టుకొని మొదట వాని తలనే చూచును. వాడేమి చేయునో వాని బుద్ధికే విడిచితిని. అక్కనగు నేను చేయవలసిన దానిలో సగము వ్రాయుట. మిగిలిన సగము నా తలమీద పెట్టుకొనుట. సోదరీమణులారా, మీ యింట బండి బయలుదేరునప్పుడు ముందు కూర్చున్నవారి తలను మాత్రమే గాక వెనుక కూర్చున్న తలను, నడుమ కూర్చున్న చిన్న తలను కూడ ఒకసారి లెక్కింపుడని మాత్రము ప్రార్థించుచున్నాను.